కెంచమ్మ తలుపు తీయని రోజు

మా మరుళస్వామి వారికి ఒక అలవాటు ఉండేది. ప్రశ్న అడిగినవాడికి జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. ఆత్మ ఎక్కడుంటుందని అడిగిన ఒక పట్నం పెద్దమనిషి చేత వారం రోజులు మా వంటింట్లో చింతపండు గింజలు తీయించారు. ఎనిమిదో రోజు ఆయన చెప్పాపెట్టకుండా కొండ దిగిపోయాడు. ఆత్మ సంగతి నాకు తెలియదు గానీ, ఆ ఏడు చింతపండు మాత్రం శుభ్రంగా వచ్చింది. నేను ఆ మఠంలో ముప్పై ఏళ్ళు వంట చేశాను. నా పేరు శివరుద్రయ్య. శాస్త్రం రాదు, సంగటి కెలకడం వచ్చు. పుట్టుపిరికివాణ్ణి. ఈ వయసులో ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఒకరోజు పొద్దున పూజ అయ్యాక కొట్రేశు అనే శిష్యుడు లేచి నిలబడ్డాడు. ఇరవై ఆరేళ్ళవాడు. మఠానికి రాకముందు వాళ్ళ ఊళ్ళో ఉగాదికి రాతిగుండు ఎత్తే పందెంలో మూడేళ్ళు వరసగా గెలిచాడట. మెడ ఎక్కడ ఆగి భుజం ఎక్కడ మొదలవుతుందో తెలిసేది కాదు. మనిషి మంచివాడే. కాకపోతే తన బలం తన కళ్ళకు కాస్త ఎక్కువగా కనిపించేది. చేతులు జోడించి, "స్వామీ, మనిషికి భయం పూర్తిగా పోయేదెప్పుడు? నాకు సగం పోయింది. మిగతా సగం ఎట్లా పోగొట్టుకోవాలి?" అని అడిగాడు. స్వామివారు నవ్వలేదు. వెనక ఉన్న రాతిదొడ్డి వైపు ఒకసారి చూసి, రేపటి నుంచి ఆ దొడ్డి చూసుకునే కెంచమ్మ దగ్గర పని చెయ్యమన్నారు. ఆమె చెప్పింది చెయ్యాలి, చెప్పనిది చెయ్యకూడదు, అంతే. కొట్రేశు ముఖం మాడిపోయింది. ఆడమనిషి కింద పని అంటే అతనికి తలకొట్టేసినట్టయింది.

ఆ దొడ్డిలో ఏముందో చెప్పాలి. మా కొండకు ఎలుగుబంట్ల బెడద ఉండేది. కొండ అవతల ఒక రాతి క్వారీ మూతపడినప్పుడు, దాని వాళ్ళు కాపలా కుక్కను గొలుసుతోనే వదిలేసి పోయారు. తిండీ నీళ్ళూ లేక అది చావడానికి సిద్ధంగా ఉందని గొర్రెలవాళ్ళు వచ్చి చెబితే, మఠానికి కాపలాగా ఉంటుందని స్వామివారు దాన్ని బోనులో పెట్టించి ట్రాక్టరు మీద తెప్పించారు. నల్లటిది, అందుకని కరియడని పేరు పెట్టారు. ఏ జాతో మాకెవరికీ తెలియదు. నిలబడితే దూడంత ఉండేది. మొరిగేది కాదు. నన్ను భయపెట్టింది అదే. మొరిగే కుక్క తన మనసులో మాట చెప్పేస్తుంది. ఇది ఊరికే చూసేది. నేను సంగటి బొచ్చె పట్టుకుని వంటింటి గడప దాటినప్పటి నుంచి దాని చూపు నా మోకాళ్ళ మీదే ఉండేది. నేను ముద్దను గోడ మీదుగా విసిరేసి, పంచె ఎగగట్టి వెనక్కి పరుగెత్తేవాణ్ణి.

వచ్చిన నెలలోనే అది మా కావలివాడి తొడ పట్టుకుంది. గొలుసు లాగి దాన్ని లొంగదీద్దామని పోయినవాడికి పద్నాలుగు కుట్లు పడ్డాయి. అప్పుడు స్వామివారు కింద కురుబల గుడిసెల నుంచి కెంచమ్మను పిలిపించారు. ముప్పై ఏళ్ళుగా మందకుక్కల్ని సాకిన మనిషి. ఎండుకట్టెలా ఉండేది, నా భుజం దాకా వచ్చేది. మఠం పెద్దలు నలుగురూ కూర్చుని ఆమె ముందే ఆమె సంగతి మాట్లాడారు. ఆడదాని గొంతుకు కుక్క లొంగదన్నాడొకడు. నెలలో ఆ నాలుగు రోజులూ వాసనకు మీద పడుతుందన్నాడు ఇంకొకడు. ముట్టుడిగి పదేళ్ళయిందని, ఉన్నన్నాళ్ళూ కుక్కలు ఏమీ అనలేదని, అన్నవాళ్ళంతా మనుషులేనని ఆమె నిదానంగా జవాబిచ్చింది. చివరికి పెద్దల్లో పెద్దవాడు పంపనగౌడ, నువ్వు పట్టుకుంటే అది నిన్ను ఈడ్చుకుపోతుంది కదమ్మా అన్నాడు.

"ఈడ్చుకపోతుంది గౌడా. నిన్నూ ఈడ్చుకపోతుంది. ఆ సంగతి నాకు తెలుసు, నీకు తెలీదు. అంతే తేడా," అంది కెంచమ్మ.

గౌడకు ఆ మాట రుచించలేదు. స్వామివారి మాట కాదనలేక ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. ఇంకొక్కసారి ఆ కుక్క వల్ల ఎవరి ఒంటి మీద నెత్తురు కనబడినా తుపాకీ ఉన్నవాణ్ణి పిలిపిస్తాం, ఈ ఆడమనిషినీ ఆ పూటే కొండ దింపేస్తాం అన్నాడు. కెంచమ్మ సరేనంది. అంతసేపూ కరియడు దొడ్డి మూలన నిలబడి మమ్మల్నందరినీ చూస్తూనే ఉన్నాడు.

మొదటి మూడు రోజులూ ఆమె దొడ్డి లోపలికి పోనేలేదు. తన పాత కంబళి ముక్క ఒకటి లోపల పడేసి, బయట గోడకు వీపు ఆనించి కూర్చుని ఉన్ని వడుకుతూ ఉండేది. నాలుగో రోజు పోయి చూద్దును గదా, ఆ కంబళి మీద కుక్క పడుకుని ఉంది. తర్వాత నా వంతు వచ్చింది. "ముద్ద ఇసిరి పరిగెత్తొద్దయ్యా. నువ్వు పరిగెత్తేకొద్దీ తరమాల్సినవాడివని దానికి నేర్పిస్తాండావు," అంది. తలుపు అడుగున ఉన్న కంత దగ్గర దానికి వీపు పెట్టి, అటు తిరిగి కూర్చోవాలి. బొచ్చె మీద గరిటెతో మూడుసార్లు కొట్టాలి. బొచ్చె వెనక్కి తోసి, నిదానంగా లేచి, నడుచుకుంటూ రావాలి. మొదటిరోజు నా చేతిలో గరిటె మూడుసార్లు కాదు, ముప్పైసార్లు కొట్టుకుంది. వీపు వెనక దాని ఊపిరి వినబడుతుంటే ఎన్ని దండకాలు చదువుకున్నానో ఆ శివుడికే తెలుసు. అయినా రోజూ కూర్చున్నాను. ఆమె కూడా పక్కనే కూర్చునేది మరి.

ఇక తలుపు తీసే ముందు ఆమెకు ఒక పద్ధతి ఉండేది. పొద్దున్నే వచ్చి తలుపు ఎదుట నిలబడి, ఎడమ చెయ్యి గుండె కింద పెట్టుకుని కళ్ళు మూసుకునేది. కాసేపయ్యాక గడియ తీసేది. దేవుణ్ణి తలుచుకుంటోంది కాబోలని నేను అనుకునేవాణ్ణి. కొట్రేశు కూడా అదే అనుకున్నాడు.

ఇవన్నీ అయ్యాక పనికి వచ్చిన కొట్రేశుకు ఆమె నేర్పిన విధానం నాకు ఆటలా అనిపించింది. దొడ్డి లోపల గొలుసు తీసేసి, కరియడి మెడపట్టీకి తాను వడికిన ఉన్ని పోగు ఒకటి కట్టింది. రెండో కొస అతని చేతికిచ్చి, పోగు తెగకుండా దొడ్డి చుట్టూ తిప్పమంది. గుండ్లు ఎత్తినవాడు ఆ పోగుతో పది అడుగులు నడవలేకపోయాడు. కుక్క తల తిప్పితే చాలు, అతని చెయ్యి దానంతటదే లాగేది, పోగు పుటుక్కున తెగేది. మళ్ళీ కట్టేది ఆమె. కుక్క పళ్ళ వైపు చూడొద్దు, పళ్ళు కనబడేసరికే ఆలస్యమైపోయి ఉంటుందని చెప్పేది. చెవి చూడు, తోక మొదలు చూడు, కదలబోయే ముందే నువ్వు పక్కకు తిరుగు, అది నీ వెంట తిరుగుతుంది అనేది. కళ్ళలోకి గుచ్చి చూడొద్దు. గొలుసు పట్టినప్పుడు అరచేతిలో మడతలు పెట్టి పట్టుకో, మణికట్టుకు మాత్రం చుట్టుకోవద్దు, మడత జారుతుంది, చుట్టు బిగుస్తుంది. ఈ చివరి మాట ఆమె రోజూ చెప్పింది. అతను రోజూ తలూపాడు. తొమ్మిదో రోజు ఒక చుట్టు పోగు తెగకుండా తిరిగాడు. ఆ సాయంత్రం వంటింట్లో నా పక్కన కూర్చుని, ఇది బలం లేనివాళ్ళ తంటా అయ్యవారూ, పట్టు ఉన్నవాడికి దారం ఎందుకు అన్నాడు. నేను ఉల్లిపాయలు తరుగుతూ ఊకొట్టాను. ఆ ఊకొట్టినందుకు ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

పదో రోజు పొద్దున కెంచమ్మ మామూలుగానే వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. తలుపు ముందు నిలబడి గుండె కింద చెయ్యి పెట్టుకుంది. చాలాసేపు ఉంది. చెయ్యి తీసి, మళ్ళీ పెట్టుకుంది. ఆ తర్వాత గడియ ముట్టకుండానే వెనక్కి తిరిగింది. ఈ పొద్దు వద్దు నాయనా, దాని జోలికి పోవద్దు అని కొట్రేశుకు చెప్పి, ఉన్ని కడగడానికి వాగు వైపు పోయింది. కొట్రేశు నా వైపు తిరిగి, చూశారా, భయపడింది అన్నాడు. నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకున్నాను. అంతటి మనిషికే భయమేసిందంటే ఈ రోజు కుక్కకు ఏదో అయిందని నేను వంటింటి వైపు జరిగాను. అతనికి మాత్రం ఉత్సాహం వచ్చింది. స్వామివారు అడగకపోయినా తనకు భయం పోయిందని ఇవాళ చూపించేస్తానన్నాడు. ఆమె వద్దందిగా అన్నాను. గట్టిగా అనలేదు. నేను గట్టిగా అనే మనిషినైతే కథ ఇంతవరకు వచ్చేదే కాదు.

అతను తలుపు తీశాడు. గొలుసు తగిలించాడు. తగిలించి, పట్టు కోసమని కుడి మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకున్నాడు. నేను సంగటి బొచ్చెతో వంటింటి గుమ్మంలో నిలబడి అది చూశాను. ఆమె రోజూ చెప్పిన మాట అతనికి గుర్తు చెయ్యలేదు. కరియడు మర్యాదగానే బయటికి వచ్చాడు. మఠం ముంగిట్లో సగం దూరం చక్కగా నడిచాడు. కొట్రేశు తల ఎత్తి నడుస్తున్నాడు. మా మఠం ముంగిలి అయిపోయిన చోట మెట్లు మొదలవుతాయి. నిట్టనిలువు రాతిమెట్లు, రెండువందల డెబ్బై. మొదటి మెట్టు దగ్గర కుక్క చెవులు రెండూ ముందుకు నిక్కాయి. నాకు కనబడ్డాయి. అతనికి కనబడలేదు, అతను కింద నుంచి ఎక్కి వస్తున్న భక్తులు తనను చూస్తున్నారో లేదో చూసుకుంటున్నాడు. అంతలో ఒక కొండముచ్చు మెట్లకు అడ్డంగా దూకింది.

గొలుసు బిగిసిన చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. కొట్రేశు వెనక్కి లాగాడు. లాగేకొద్దీ అది ముందుకు తన్నుకుంది. మరుక్షణం అతను బోర్లా పడ్డాడు, ఛాతీ మెట్లకు కొట్టుకుంటూ కిందికి జారిపోయాడు. వదిలేద్దామన్నా చెయ్యి రాదు, చుట్లు మాంసంలోకి దిగిపోయాయి. పదకొండు మెట్లు పోయాక మెట్ల పక్కనున్న రాతిస్తంభానికి అతని భుజం అడ్డంపడి ఆగాడు. ఆగకపోతే అడుగున మాకు దొరికేది మనిషి కాదు. కొండముచ్చు ఎటో పోయింది. మెడ బిగిసి ఊపిరాడక కుక్క వెనక్కి తిరిగింది. తనను పట్టి ఉంచినవాడు కింద పడి ఉన్నాడు, ఇంకా గొలుసు గుంజుతూనే ఉన్నాడు, దాని కళ్ళలోకి చూస్తూ అరుస్తున్నాడు. భక్తులు కేకలు పెడుతున్నారు. ఒకడు కర్ర ఎత్తాడు. కరియడు కొట్రేశు మీద నిలబడ్డాడు, పెదవి లేచింది. అన్నాళ్ళలో మొదటిసారి దాని గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది.

కెంచమ్మ ఎప్పుడు వచ్చిందో నేను చూడలేదు. పరుగెత్తలేదు. తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ మెట్ల అంచున నిలబడింది. గొంతు పెంచకుండా, కర్ర దించమని ఆ భక్తుడికి చెప్పింది. దాన్ని చూడొద్దు నాయనా, కళ్ళు మూసుకో, చెయ్యి చచ్చినట్టు వదిలెయ్ అని కొట్రేశుకు చెప్పింది. ఆ తర్వాత నా వైపు చూసింది.

"అయ్యా, మూడు మెట్లు దిగి అటు తిరిగి కూచో. దినామూ కొట్టినట్టే కొట్టు."

నేను చెయ్యలేనని చెప్పే సమయం కూడా లేదు. ఎలా దిగానో నాకు తెలియదు. కూర్చున్నాను, వీపు కుక్క వైపు పెట్టి. ఎదురుగా మఠం గోపురం కనబడుతోంది గానీ కళ్ళకేమీ ఆనడం లేదు. గరిటెతో ఒకటి, రెండు, మూడు. ఏమీ జరగలేదు. కింద కొట్రేశు ఏడుపు వినబడింది. మళ్ళీ ఒకటి, రెండు, మూడు. ఈసారి గొలుసు గలగలమంది. గోళ్ళు రాతి మీద ఒక్కొక్క మెట్టే ఎక్కుతున్న చప్పుడు. కొట్రేశు చెయ్యి సడలించాడు కాబట్టి చుట్లు వీడాయి, గొలుసు అతని మణికట్టు వదిలి దాని వెంట వస్తోంది. నా మెడ వెనక వేడి ఊపిరి తగిలింది. నేను అప్పుడు చచ్చిపోయాననే అనుకున్నాను. బొచ్చె నెమ్మదిగా వెనక్కి తోశాను. అది తింది. కెంచమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది, గొలుసు కొసను అరచేతిలో మడతలు పెట్టుకుంది. అది తినేదాకా ఆగింది. ఆ తర్వాత లేచి, దాని ముందు కాకుండా పక్కగా నడుస్తూ దొడ్డిలోకి తీసుకుపోయింది. గొలుసు దారి పొడవునా వదులుగా వేలాడుతూనే ఉంది. గడియ పడిన చప్పుడయ్యాక నేను అక్కడే మెట్ల మీద వాంతి చేసుకున్నాను.

మధ్యాహ్నానికల్లా పంపనగౌడ వచ్చాడు. ఇంకా ముగ్గురు వచ్చారు. నెత్తురు కనబడింది, షరతు షరతే. కొట్రేశును చాప మీద కూర్చోబెట్టాం. మణికట్టు విరిగింది, ఛాతీ అంతా చెక్కుకుపోయింది. కుక్కే చేసిందా అని గౌడ అడిగాడు. అవునంటే చాలు. కరియడు సాయంత్రానికి ఉండడు, కెంచమ్మ మూట సర్దుకుంటుంది, కొట్రేశు పరువు నిలుస్తుంది. ఆమె గోడ పక్కన నిలబడి నేల చూస్తోంది. కొట్రేశు చాలాసేపు తన చెయ్యి చూసుకున్నాడు. చివరికి, "అది నన్ను కట్టెయ్యలేదు గౌడా. నేనే నన్ను దానికి కట్టేసుకున్నాను. అక్క వద్దన్నా తలుపు తీశాను," అన్నాడు. అప్పటిదాకా అతను ఆమెను అక్కా అని పిలవగా నేను వినలేదు.

గౌడ అంతటితో ఊరుకోలేదు. కెంచమ్మ వైపు తిరిగి, పొద్దున నువ్వే భయపడి తలుపు తీయలేదట కదా, భయపడే మనిషివి ఈ పనిలో ఎందుకున్నావని గట్టిగానే అడిగాడు. ఆమె అప్పుడు తల ఎత్తింది.

"దినామూ భయమే గౌడా. గుండె మీద చెయ్యి పెట్టి చూసుకుంటా. దడదడమంటాంటే తలుపు తీస్తా. పొద్దున నా కూతురు కానుపయింది, మనవరాలు పుట్టిందని కబురొచ్చింది. మనసంతా ఆడనే ఉండాది. ఎంతసేపు చూసుకున్నా భయం కనపళ్ళేదు. అందుకే తియ్యలేదు."

పంపనగౌడ కండువా దులుపుకుని లేచి, తుపాకీ ఊసెత్తకుండా కొండ దిగిపోయాడు. ఆ తర్వాత కూడా ఎత్తలేదు. స్వామివారు మొత్తం విని, ఆ బాలింతకు నెయ్యి పంపమని మాత్రం నాతో చెప్పారు.

నెలన్నరకు కొట్రేశు కట్టు విప్పారు. మణికట్టు కాస్త వంకరగానే అతుక్కుంది. ఒకరోజు పొద్దున పూజ అయ్యాక మళ్ళీ లేచి నిలబడ్డాడు. ఈసారి భుజాలు అంత పెద్దవిగా కనబడలేదు నాకు.

"స్వామీ, ఆ దొడ్డి పక్కగా పోవాలంటే నాకు కాళ్ళు వణుకుతున్నాయి. మునుపు పోయిందనుకున్న సగం కూడా తిరిగొచ్చేసింది."

"మొత్తం వచ్చిందా?" అన్నారు స్వామివారు.

వచ్చిందన్నాడు, తల వంచుకుని.

"అయితే వెళ్ళు నాయనా. తలుపు తీసే వేళయింది."